పెరటి గుంటలో పచ్చదనం

పెరటి గుంట మీద పచ్చగా ఏది కమ్ముకున్నా మనకు పాచే కదండీ. "కాస్త పక్కకి తోసి ముంచుకో" అనడం మా అత్తగారి రోజులనుంచీ ఉన్నదే. గుడివాడ వైపైనా, బందరు వైపైనా ఎండాకాలం కాలవలు కట్టేశాక నిలవనీరు పచ్చబడడం చూడని ఇల్లాలు ఉండదు. దివిసీమలో చాలాచోట్ల భూమిలోనివి ఉప్పునీళ్లు కనుక చెరువూ గుంటా మరీ ముఖ్యం. అందుకే, పక్కకి తోసేముందు అదేమిటో ఒకసారి చూడమంటాను.

చెయ్యి పెట్టకుండా పుల్లతో తిప్పండి. తలవెంట్రుకల్లా పుల్లకు చుట్టుకుని వస్తే మామూలు నాచు. చూడ్డానికి అసహ్యమేగాని సాధారణంగా విషం కాదు. దంతెతో లాగి మొక్కల పాదుల్లో వేయండి. గట్టునే వదిలేస్తే కుళ్లి, వానకు మళ్లీ గుంటలోకే దిగుతుంది. పెసరబద్దంత ఆకులు విడివిడిగా తేలుతూ, కింద సన్నని వేళ్లు కనిపిస్తే అది అసలు నాచే కాదు, నీటిమొక్క.

పుల్లకు పోగులేమీ రాకుండా, రంగుడబ్బాలో ముంచినట్టు పచ్చటి పూత అంటుకొచ్చిందా, అప్పుడు జాగ్రత్త. అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. గాలివాటున ఒక గట్టుకు చేరి మీగడలా కడుతుంది, కుళ్లితే కంపు కొడుతుంది. అనుమానం తీరకపోతే గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి పచ్చదనం అడుక్కు దిగకుండా పైకి తేలి వలయం కడితే అనుమానం బలపడ్డట్టే. ఇందులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని పుట్టిస్తాయి. ఆస్ట్రేలియాలో ఒక సరస్సు నీళ్లు తాగి పశువులు చనిపోయిన సంగతి 1878లోనే అచ్చయింది.

"కాచుకునే తాగుతాంగా" అంటారు. అక్కడే వస్తుంది చిక్కు. మరగకాస్తే రోగక్రిములు చస్తాయిగాని ఈ విషం పోదు. మైలుతుత్తం చల్లారా, నాచు కణాలు పగిలి లోపలి విషమంతా నీళ్లలో కలుస్తుంది. చచ్చిన నాచు కుళ్లి ప్రాణవాయువు తగ్గితే చేపలూ తేలిపోతాయి. ఆ పొర పోయేదాకా పిల్లల్నీ, గేదెల్నీ అటు పోనివ్వకండి. తాగడానికి వేరే నీళ్లు తెచ్చుకోక తప్పదు.

పొద్దున పచ్చగా, ఎండెక్కాక ఎర్రగా మారే పొర ఒకటుంది. దిష్టి అనుకునేరు! యూగ్లీనా అనే సూక్ష్మజీవి అది. చేపలు పెంచేవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంతకీ వీటన్నిటికీ మేత వేసేది మనమే. పేడనీళ్లు, సబ్బునీళ్లు, పొలం ఎరువు కలిసిన నీళ్లు. మా ఇంట్లో పాక కడిగిన నీళ్లు ఏళ్ల తరబడి గుంటలోకే పోయేవి. ఒక పూట పారతో కాలవ తీసి అరటిచెట్ల వైపు మళ్లించాం. అరటి బాగా ఎదిగింది. గుంట మాత్రం ఒక్క ఏడాదిలో తేరుకోలేదు. అడుగు బురద తీయించాల్సి వచ్చింది.