విశాఖ ప్రయాణానికి మూట కట్టేముందు

పరీక్షలు ముగియగానే చాలా ఇళ్ళలో ఒకటే మాట వినిపిస్తుంది. 'అబ్బా, ఈసారి సెలవులకు వైజాగ్ వెళ్దామా?' అని పిల్లలు అడుగుతారు. తండ్రి జేబు లెక్క చూసుకుంటాడు. తల్లి ఏమీ అనదు. ఎన్ని జతల బట్టలు సర్దాలి, దారికి ఎన్ని రొట్టెలు చేయాలి, స్టవ్వు వెంట తీసుకుపోవాలా వద్దా అన్న లెక్క ఆమెకు అప్పుడే మొదలవుతుంది.

మన ఇళ్ళలో ప్రయాణమంటే షాదీకి, మయ్యత్‌కు, ఆస్పత్రికి, లేదంటే ఏదైనా జియారత్‌కు. అల్లాహ్ అనుగ్రహించిన వారికి హజ్. మన పెద్దలలో ఎందరో సముద్రాన్ని మొదటిసారి చూసింది బొంబాయి రేవులో హజ్ ఓడ ఎక్కేటప్పుడే. ఆ ఓడ ప్రయాణాలు 1995తో ఆగిపోయాయి. ఊరికే చూసి రావడానికి, సంతోషంగా నాలుగు రోజులు గడపడానికి బయల్దేరడం మనకింకా కొత్తగానే ఉంది. 'నీళ్ళు చూడటానికి ఇన్ని వేలా, మౌల్వీసాబ్? ఇది ఫుజూల్ ఖర్చు కాదా?' అని మమ్మల్ని అడిగినవారున్నారు.

దివ్య ఖుర్ఆన్ ఒకచోట కాదు, అనేకచోట్ల భూమిపై సంచరించి చూడమని మానవుణ్ణి పిలుస్తోంది. సముద్రాన్నీ, దానిపై నడిచే ఓడల్నీ అల్లాహ్ సూచనలుగా పదేపదే గుర్తు చేస్తోంది. కనుక చూడటం తప్పు కాదు. దుబారా తప్పు. అంతకంటే పెద్ద తప్పు వడ్డీ అప్పు. ఫోనుపై వేలు నొక్కితే ప్రయాణాలకు కూడా అప్పు దొరికే రోజులివి. నాలుగు రోజుల షికారుకు రెండేళ్ళ వాయిదాలు కట్టేవారిని మేము చూస్తున్నాము. మా ఎరుకలోని ఒక కుటుంబం మాత్రం పిల్లల ఈదీ డబ్బులు, ఇంటి ఖర్చులో మిగిలిన చిల్లర ఒక డబ్బాలో వేస్తూ రెండేళ్ళు ఆగి వెళ్ళింది. ఆ డబ్బా పగలగొట్టిన రోజే పిల్లలకు సగం పండుగ అయిపోయింది.

ఇక అసలు విషయం. ఒక ఈద్ నాడు మదీనాలో, మస్జిదె నబవీ ఆవరణలో హబషీలు బల్లేలతో విన్యాసాలు చేస్తున్నారు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)ను తమ వెనుక నిలబెట్టుకుని ఆ వేడుక చూపించారు. ఆమె తనివితీరా చూసి, ఇక చాలనుకునే దాకా ఆయన అక్కడి నుంచి కదలలేదు. సహీహ్ బుఖారీలోని ఈ ఉదంతాన్ని మేము ఎన్ని తరగతుల పిల్లలకు చెప్పామో లెక్కలేదు. చెప్పడం సులువు.

కొన్నేళ్ళ కిందట మేము రెండు కుటుంబాల వాళ్ళం, పదకొండు మందిమి, విశాఖ వెళ్ళాము. ఖర్చు కలిసి వస్తుందని వంటగది ఉన్న గదులు తీసుకున్నాము. బయటి మాంసం హలాల్ అవునో కాదో అన్న సందేహం కూడా ఉంది. బియ్యం, పప్పు, మసాలాలు, కుక్కరు అన్నీ ఇంటి నుంచే మోసుకుపోయాము. మూడు రోజులూ మగవాళ్ళమూ, పిల్లలూ హాయిగా తిరిగాము. ఆడవాళ్ళకు ఫజ్ర్ కాగానే నాష్తా, అది ముగియగానే మధ్యాహ్నం వంట, ఆపైన గిన్నెలు, ఉప్పునీటిలో తడిసిన పిల్లల బట్టలు. వారు బీచికి వచ్చింది రెండో రోజు సాయంత్రం, అదీ మగ్రిబ్‌కు అరగంట ముందు. తిరుగు రైల్లో మా ఇంటావిడ ఒక మాట అంది. 'రాత్రి పడుకుంటే సముద్రం చప్పుడు ఎంత బాగా వినిపించేదో!' ఫిర్యాదుగా అనలేదు, మెచ్చుకుంటూనే అంది. అందుకే మాకు గుచ్చుకుంది.

కాబట్టి మా మొదటి సలహా, స్టవ్వు ఇంట్లోనే వదిలేయండి. హలాల్ కోసమే అంత బరువు మోయనక్కర్లేదు. సముద్రతీరంలో చేపలకు కొదవా? చేపకు జబహ్ అవసరమే లేదు. ఇడ్లీ, దోసె, పప్పన్నం ఎక్కడైనా దొరుకుతాయి. పాత నగరంలోనూ, జగదాంబ సెంటరు చుట్టుపక్కలా ముస్లిముల హోటళ్ళున్నాయి, అడిగి తెలుసుకుని వెళ్ళవచ్చు. హనఫీలు పీత తినరాదు. రొయ్య విషయంలో మన ఉలమాలో భిన్నాభిప్రాయం ఉంది. ఎవరి ఉస్తాద్ మాట వారు పాటించాలి, పక్కవాడి పళ్ళెంపై ఫత్వా ఇవ్వకూడదు. సాయంత్రం బీచిలో అమ్మే మురీ మిక్స్చర్‌పై మాత్రం ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండదని మా నమ్మకం.

ఎప్పుడు వెళ్ళాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా విశాఖ వాతావరణం హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో వేడి కంటే ఉక్కపోత ఎక్కువ. బుర్ఖాలో ఉన్న తల్లులకు, ముసలివారికి అది నరకం. దసరా సెలవులు తుపానుల కాలంలో పడతాయి. 2014 అక్టోబరు 12న విశాఖను అతలాకుతలం చేసిన తుపాను పేరు గుర్తుందా? హుద్‌హుద్. హజ్రత్ సులైమాన్ (అ) వద్దకు సబా దేశపు వార్త తెచ్చిన పక్షి పేరు. ఆ పేరు సూచించింది ఒమన్ దేశం. సంక్రాంతికి రైళ్ళలో కాలు పెట్టే చోటుండదు. టికెట్ల రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందే మొదలవుతోంది, అంతకు ముందు 120 రోజులుండేది. పాత లెక్కలో ఉన్నవారు ఈ మార్పు గమనించాలి. బసకు ఇంట్లో పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులూ ఒక కవరులో ఉంచుకోండి.

నమాజు గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే ప్రయాణం పేరుతో మొట్టమొదట జారిపోయేది అదే. హనఫీ మజ్‌హబ్ ప్రకారం తన ఊరు దాటి 48 మైళ్ళు, అంటే సుమారు 78 కిలోమీటర్లు, లేదా ఆపైన వెళ్ళేవాడు ముసాఫిర్. వెళ్ళిన చోట 15 రోజులకు తక్కువ ఉండాలనుకుంటే జుహర్, అస్ర్, ఇషా ఫర్జులు నాలుగుకు బదులు రెండేసి రకాతులు చదవాలి. ఫజ్ర్, మగ్రిబ్, విత్ర్ మామూలే. స్థానిక ఇమామ్ వెనుక చదివితే నాలుగూ పూర్తి చేయాలి. హైదరాబాదు, గుంటూరు, రాజమండ్రి నుంచి విశాఖ వచ్చేవారికి ఖస్ర్ వర్తిస్తుంది. అనకాపల్లి, విజయనగరం వారికి వర్తించదు, ఆ దూరం చాలదు. ముసాఫిర్‌కు జుమా తప్పనిసరి కాదు గాని, ఊళ్ళో మసీదులుండగా, శుక్రవారం ఖాళీగా ఉండగా వదులుకోవడం ఎందుకు?

హైదరాబాదులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారికి మగ్రిబ్, ఇషా రైల్లోనే వస్తాయి. వుజూ నీళ్ళకు ఒక సీసా, చిన్న జానమాజ్ చేతి సంచిలో పైనే ఉండాలి, పెట్టె అడుగున కాదు. ఖిబ్లా చూసుకుని నిలబడి చదవాలి. బండి మలుపు తిరిగినట్లు తెలిస్తే మనమూ తిరగాలి. దారికి అడ్డంగా గుంపుగా నిలబడి తోటి ప్రయాణికులను ఇబ్బంది పెట్టరాదు. ఒకరి తర్వాత ఒకరు చదువుకోవచ్చు.

బీచిలో నమాజు వేళ అయితే? విశాఖలో ఖిబ్లా పడమరకు, కాస్త ఉత్తరంగా ఉంటుంది. సముద్రం తూర్పు, ఆగ్నేయాల వైపు. అంటే నమాజుకు నిలబడితే సముద్రం మన వెనుక ఉంటుంది, ఊరు ఎదురుగా ఉంటుంది. మొదటిసారి వచ్చినవారు అందాన్ని చూసి సముద్రం వైపే జానమాజ్ పరచబోతారు, మేము కళ్ళారా చూశాము. ఇక ఉప్పునీటితో వుజూ అవుతుందా అని సందేహం. సముద్ర ప్రయాణంలో మంచినీళ్ళు తక్కువైతే ఏం చేయాలని ఒకరు అడిగినప్పుడు, సముద్రపు నీరు శుద్ధమైనదని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. కనుక సందేహం అక్కర్లేదు. అయితే వుజూ కోసం కెరటాల్లోకి దిగకండి. చిన్న చెంబు వెంట ఉంటే తడి ఇసుక దగ్గరే పని అయిపోతుంది.

ఈ జాగ్రత్త ఊరికే చెప్పడం లేదు. రామకృష్ణా బీచి చూడటానికి ఎంత అందమో, దిగడానికి అంత ప్రమాదం. ప్రతి ఏడూ అక్కడ పిల్లలు, యువకులు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాము. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా తిరిగి పోవాలి కదా. ఆ నీరు ఒక్కోచోట సన్నని కాలువలా కూడుకుని వేగంగా లోపలికి లాక్కుపోతుంది. అక్కడ కెరటాలు విరగవు, నీరు నిలకడగా కనిపిస్తుంది. తెలియనివారు అదే మంచి చోటని దిగుతారు. ఆ లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, బలం చాలదు. తీరం వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఇది ఈత వచ్చినవారి సంగతి. రానివారు మోకాలి లోతుకు కూడా పోరాదు. ఒకరు కొట్టుకుపోతుంటే అన్న దూకుతాడు, అన్న కోసం తండ్రి దూకుతాడు. ఒక్క ఇంటి నుంచి రెండు మూడు జనాజాలు లేచేది ఇలాగే. దూకకుండా తాడు గాని, మూత బిగించిన ఖాళీ డబ్బా గాని విసిరి, కేక వేసి గజ ఈతగాళ్ళను పిలవాలి.

మన ఆడపిల్లలకు ఇంకొక హెచ్చరిక. బుర్ఖా, దుపట్టా, షల్వార్ తడిస్తే మోయలేనంత బరువెక్కుతాయి, కాళ్ళకు చుట్టుకుంటాయి. పాదాలు తడిసే చోట, ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడితే చాలు. నీట మునిగి మరణించినవారు షహీదులన్న హదీసు ఉంది. అది బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఓదార్పు, ఎర్రజెండా దాటి వెళ్ళడానికి అనుమతి కాదు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నదే మన దీన్.

చూడవలసినవి అందరికీ తెలిసినవే. బీచి రోడ్డు మీద కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో పనిచేసి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. లోపల దారి ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను బయట కూర్చోబెట్టి వెళ్ళడం మేలు. ఎదురుగా 2017లో తెరిచిన యుద్ధవిమాన ప్రదర్శనశాల ఉంది. కైలాసగిరికి తీగబండి ఉంది. అరకు, బొర్రా గుహలు ఒక పూర్తి రోజు పని. రైల్లో సొరంగాలంటే పిల్లలకు ఎంతో ఇష్టం గాని, ముసలివారితో వెళ్ళేవారు ఆలోచించుకోవాలి. హార్బరు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిపై వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై చర్చి, మరొకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా. జియారత్‌కు వెళ్ళేవారు సలాం చెప్పి, ఆ మహనీయుని కోసం దుఆ చేసి రావాలి. మొక్కుబడుల గురించి మా అభిప్రాయం ఈ పేజీ పాఠకులకు తెలిసిందే, ఇక్కడ మళ్ళీ ఎత్తము.

అన్నీ రెండు రోజుల్లో చూసేయాలన్న పట్టు వద్దు. ఒక పూట ఏమీ చూడకుండా ఉంచుకోండి.

ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే ఒకరిని అమీరుగా పెట్టుకోమని హదీసు. కిందటిసారి పోయినప్పుడు మేము అమీరుగా ఉండి, డబ్బు సంచీని, రోజు లెక్కను మా ఇంటావిడ చేతికిచ్చాము. ఎక్కడికి ఎప్పుడు పోవాలో ఆమే కాగితంపై రాసింది. ఆ కాగితంలో వంట లేదు. రెండో రోజు ఫజ్ర్ చదివి అందరం బీచికి నడిచాము. ఆ వేళ రద్దీ లేదు, చల్లగా ఉంది, ఆడవాళ్ళకూ ఇబ్బంది లేదు. సూర్యుడు నీటిలోంచే లేచాడు. పిల్లలు గవ్వలు ఏరుకున్నారు, అలిసిపోయారు, ఆకలన్నారు. ఆమె ఇసుకలో కూర్చుని చూస్తూనే ఉంది.

'ఎండెక్కుతోంది, ఇక పోదామా?' అన్నాము.

'మీరు పోయి పిల్లలకు టిఫిన్ పెట్టించండి' అంది, ఇటు తిరగకుండానే.

పోయి పెట్టించాము.