ప్రొజెక్టరు వేయలేని రంగు

కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఎండకు ధర కట్టారు. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ల రైతుల భూమిని కౌలుకు తీసుకుని, సుమారు 13,000 ఎకరాల్లో పరిచిన సోలార్ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. వానలు మొహం చాటేసే ఆ నేలలో మబ్బు పట్టని ఆకాశమే పెట్టుబడి. అదే తాలూకాలో వెంకటమ్మనహళ్లి లాంటి ఊళ్లో పొద్దున పదకొండింటికి తరగతి గదిలో ప్రొజెక్టరు పెట్టి పాఠం చూపించాలంటే మాత్రం ఆ ఎండే అడ్డం పడుతుంది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు గోడ మీద పరుచుకుంటే బొమ్మ పదిసార్లు ఉతికిన అద్దకం చీరలా వెలిసిపోతుంది. అప్పుడు ఎవరి చెయ్యయినా రిమోట్ మీదికే పోతుంది. మెనూ తెరిచి బ్రైట్‌నెస్ పెంచుతారు. బొమ్మ ఇంకా వెలిసిపోతుంది. కాంట్రాస్ట్ పెంచుతారు, మొహాల మీద సున్నం పూసినట్టవుతుంది. చివరికి ప్రొజెక్టరు పాతబడిందనో, చవకరకమనో తేల్చేస్తారు. తప్పు చాలాసార్లు ప్రొజెక్టరుది కాదు. బొమ్మ నాణ్యతలో పెద్ద వాటా మెనూలో లేదు, గోడ మీద ఉంది. ఆ గోడను చక్కదిద్దుకోకుండా మెనూలో ఎంత వెతికినా ఫలితం అంతంతమాత్రమే.

కారణం తెలియాలంటే ఒక చిన్న ప్రశ్న వేసుకోవాలి. ప్రొజెక్టరు ఎరుపు వేస్తుంది, పచ్చ వేస్తుంది, నీలం వేస్తుంది, మూడూ కలిపి తెలుపు వేస్తుంది. నలుపెలా వేస్తుంది? వేయలేదు. నల్లటి వెలుగంటూ లోకంలో లేదు. తెర మీద హీరో జుట్టు నల్లగా కనిపిస్తోందంటే, ప్రొజెక్టరు ఆ మేరకు వెలుగు వేయడం మానుకుందని అర్థం. అక్కడ మనం చూస్తున్నది వట్టి గోడనే. చుట్టుపక్కల వెలుగు ఎక్కువగా ఉంది కాబట్టి, దాని పక్కన ఆ గోడ ముక్కను మన కన్ను నలుపుగా లెక్కగడుతుంది. ప్రొజెక్టరు ఆన్ చేయక ముందు ఆ గోడను ఒకసారి చూడండి. ఆ గదిలో దొరికే అతి నల్లటి నలుపు అదే, అంతకన్నా నల్లగా ఏ సెట్టింగూ చేయలేదు. పైగా వెలుగు వేయడం మానుకోవడం కూడా ప్రొజెక్టరుకు పూర్తిగా చేతకాదు. ఎల్‌సీడీ రకంలో పలక మూసుకున్నా కాస్త వెలుగు దాన్ని దాటి కారుతుంది. డీఎల్‌పీ రకంలో లక్షల బుల్లి అద్దాలు ఒక్కో చుక్కకు ఒకటి చొప్పున ఇటూ అటూ వాలుతుంటాయి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన చిప్పు అది. అద్దం పక్కకు తిరిగినప్పుడు వెలుగు ఒక మసి గూటిలోకి పోవాలి. దాదాపు అంతా పోతుంది, కొసరు మాత్రం లెన్సులోంచి బయటపడుతుంది.

నలుపును చీకటే ఇవ్వాలన్న సంగతి మన పక్క ఊళ్లవాళ్లకు కరెంటు రాకముందే తెలుసు. పావగడకు మూడు వైపులా ఆంధ్రదేశమే. ఆ పక్కనే శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు దాటేంత పలచగా గీకి, రంగులద్ది, తెల్లబట్ట వెనక దీపం ముందు ఆడిస్తారు. ఒక రకంగా చూస్తే ఎల్‌సీడీ ప్రొజెక్టరు చేసే పనీ అదే: వెనక దీపం, మధ్యలో రంగు వడకట్టే పొర, ముందు తెర. తేడా అంతా దీపంలోనే. ఆముదం దీపం వెలుగెంతని! నేటి చవక ప్రొజెక్టరు వెలుగు ముందు కూడా అది చాలా తక్కువ. అయినా రావణుడి పది తలలూ, కిరీటాల్లో పొడిచిన చిల్లులూ ఊరంతటికీ కనపడ్డాయి, ఎందుకంటే ఆట మొదలయ్యేది రాత్రి భోజనాలయ్యాకే. నలుపును రాత్రి ఇచ్చింది, దీపం మిగతా పని చూసుకుంది. టూరింగ్ టాకీసుల్లో మొదటాట పొద్దుగూకాకే పడేది కూడా ఇందుకే. డేరా గుడ్డకు ఎండను ఆపే శక్తి లేదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. వెలుగు మొత్తాన్ని ల్యూమెన్లలో చెబుతారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్స్. 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టరుతో గోడ మీద 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు బొమ్మ వేశామనుకుందాం. అది సుమారు నాలుగున్నర చదరపు మీటర్లు. తెల్లని చోట పడే వెలుగు దాదాపు 670 లక్స్. కిటికీల వల్ల అదే గోడ మీద 200 లక్స్ ఉందనుకుంటే తెల్లని చోట 870, నల్లని చోట 200. నిష్పత్తి నాలుగుకు కాస్త పైన. పెట్టె మీద 10,000:1 అనో 20,000:1 అనో అచ్చేసి ఉంటుంది కదా అంటారా? కటిక చీకటి గదిలో తెరంతా తెల్లగా చేసి ఒకసారి, తెరంతా నల్లగా చేసి ఒకసారి కొలిచిన లెక్క అది. నలుపూ తెలుపూ పక్కపక్కనే గళ్లుగా వేసి కొలిస్తే అదే ప్రొజెక్టరు వందల్లోకి దిగుతుంది. కిటికీ తెరిచిన గదిలోకి వస్తే ఒంటి అంకెలోకి పడిపోతుంది. అమెరికాలో ఇన్ఫోకామ్ అనే సంస్థ 2011లో ఇందుకో ప్రమాణం రాసింది. ఊరికే చూసి పోయే బొమ్మకైతే 7:1 చాలు, చదివి అర్థం చేసుకోవాల్సిన పాఠానికి 15:1 కావాలి, సూక్ష్మ వివరాలు పట్టిచూడాలంటే 50:1, సినిమాకు 80:1. మన నాలుగు ఇందులో మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

అలాంటప్పుడు రెట్టింపు ల్యూమెన్లున్నది కొంటే సరిపోదా? కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ మొదట అనే మాట ఇదే, లెక్క వేసి చూడకపోతే సబబుగానే తోస్తుంది. 6,000 ల్యూమెన్లు తెస్తే నిష్పత్తి ఏడున్నర దాటుతుంది. డబ్బు ఎన్నో రెట్లు పెరిగింది, నాణ్యత రెట్టింపు కూడా కాలేదు. పాత 3,000తోనే ఉండి గోడ మీద పడే బయటి వెలుగును 200 నుంచి 20 లక్స్‌కు తగ్గిస్తే నిష్పత్తి 34 దాటుతుంది. ఎనిమిది రెట్లు! వెలుగు కలిపితే భాగహారంలో పైఅంకె పెరుగుతుంది, వెలుగు తీసేస్తే కిందిఅంకె తగ్గుతుంది. కింద చిన్న అంకె ఉన్నప్పుడు దాన్ని గిల్లితే వచ్చే లాభం పైన పెద్దది పేరిస్తే రాదు. సినిమా హాళ్లే సాక్ష్యం. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం తెర మీద తెలుపు చదరపు మీటరుకు 48 క్యాండెలాలుంటే చాలు. చేతిలోని మామూలు ఫోను కూడా దానికి పదింతలు వెలుగుతుంది. అయినా హాల్లో బొమ్మ వెలవెలబోయిందని ఎవరూ అనరు. తలుపు మూశాక అక్కడ నలుపు నలుపుగానే ఉంటుంది కాబట్టి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. రాయలసీమ అంచున ఏప్రిల్ నెలలో కిటికీలన్నీ మూసి యాభై మంది పిల్లల్ని కూర్చోబెట్టడం శిక్షే. కరెంటు పోతే ఫ్యానూ ఉండదు. చీకట్లో నోట్సు రాయలేరు, వెనక బెంచీవాళ్లు నిద్రపోతారు. నిజమే. కానీ చీకటి కావాల్సింది గదికి కాదు, ఆ ఎనిమిదడుగుల గోడకు. బొమ్మను కిటికీలకు ఎదురుగోడ మీద వేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, చాలా గదుల్లో అలవాటుగా జరిగేదీ అదే. కిటికీలకు అడ్డంగా ఉండే పక్కగోడను ఎంచుకుని, దానికి దగ్గరి కిటికీ ఒక్కటి మూసి, గోడ ముందున్న ట్యూబ్‌లైటు ఒక్కటి ఆపి, బొమ్మకు పైనా పక్కనా నల్లగుడ్డతోనో అట్టతోనో జానెడు చూరు కడితే, గదిలో రాసుకునేంత వెలుగుండగానే గోడ మీద 60 లక్స్‌కు దిగొచ్చు. నిష్పత్తి 12 అవుతుంది. బొమ్మను ఆరడుగుల వెడల్పుకు కుదిస్తే అదే వెలుగు చిన్నచోట చిక్కగా పడి 20 దాటుతుంది. పైసా ఖర్చు లేకుండా పాఠానికి కావాల్సిన 15 గడప దాటేశాం. బొమ్మ పెద్దగా ఉండాలన్న మోజు ఒక్కటే వదులుకోవాలి, అదీ వెనక బెంచీకి అక్షరం కనపడే మేరకే. అక్షరాలు పెద్దవి పెట్టుకుంటే ఆ చిక్కూ తీరుతుంది.

గోడ పని అయ్యాకే మెనూ. అందులో అన్నిటికన్నా మోసం చేసే మాట బ్రైట్‌నెస్. పేరును బట్టి వెలుగు పెంచేదనుకుంటాం. చాలా ప్రొజెక్టర్లలో అది చేసేది, నలుపు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించడం. దాన్ని పెంచితే నల్లని చోట్లకు కూడా వెలుగు పంపమని చెప్పినట్టే, అంటే ఎండ చేసే చెడుపును మనమే చేతులారా చేస్తున్నాం. కాంట్రాస్ట్ అనే మీట తెలుపు ఎక్కడ ఆగాలో చెబుతుంది. ఈ రెండింటికీ పరీక్ష బొమ్మలు ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు. ఒక గేదె ఫోటో, ఒక తెల్లపంచె ఫోటో చాలు. గేదె ఒంటి మీద ముడతలు కనబడుతూనే, అది బూడిదరంగు గేదె అయిపోకుండా ఉండే చోట బ్రైట్‌నెస్ ఆపాలి. పంచె మడతలు కలిసిపోయి తెల్లకాగితంలా మారే ముందు కాంట్రాస్ట్ ఆపాలి. వీటికి ముందు రంగుల మోడు చూసుకోవాలి. అన్నిటికన్నా వెలుగెక్కువ ఉండే మోడులో మనుషులకు పసరు పూసినట్టుంటే దానికీ కారణముంది. చాలా ప్రొజెక్టర్ల దీపాల్లో వాడే పాదరస ఆవిరి వెలుగులో పచ్చ ఎక్కువ, ఎరుపు తక్కువ. రంగులు కుదరాలంటే ఆ పచ్చను కొంత కోయాలి. వెలుగే ముఖ్యమనే మోడు దాన్ని కోయకుండా వదిలేస్తుంది. కొన్ని డీఎల్‌పీ యంత్రాల్లో వెలుగుకు రంగులిస్తూ తిరిగే రంగుచక్రానికి రంగులేని గాజుముక్క కూడా ఒకటి ఉంటుంది. దానివల్ల తెలుపు మెరుస్తుంది, రంగులు మాత్రం ఆ మేరకు మందగిస్తాయి. అక్షరాలే ఉంటే ఆ మోడు పనికొస్తుంది, పటాలూ పూలూ చూపాలంటే సినిమా మోడు మేలు. సున్నంలో నీలిమందు కలిపి కొట్టిన గోడైతే రంగు వెచ్చదనాన్ని ఒక మెట్టు ఎరుపు వైపు జరపాలి. నిగనిగలాడే ఆయిల్ పెయింటు గోడకు మాత్రం మెనూలో మందు లేదు. మధ్యలో ఒక మెరుపు మచ్చ పడి తీరుతుంది.

ఇక కీస్టోన్. ప్రొజెక్టరు మూతి పైకెత్తితే బొమ్మ పైన వెడల్పై చాటలా తయారవుతుంది. కీస్టోన్ మీట నొక్కగానే దీర్ఘచతురస్రంగా సర్దుకుంటుంది, అందరికీ ఆనందమే. కానీ యంత్రం లోపల జరిగేది కత్తిరింపు. 1,024 అడ్డం, 768 నిలువు ఉన్న పలకలో పైవరసల్ని నొక్కి కురచ చేస్తుంది. పై అంచు ఐదో వంతు తగ్గితే మొత్తం చుక్కల్లో కనీసం పదోవంతు వృథా, మిగిలినవాటిలోనూ ఒక చుక్కలో ఉండాల్సిన గీత రెండు చుక్కల మీద పలచగా పరుచుకుంటుంది. ల్యాప్‌టాప్ 1,366 చుక్కల వరసను పంపుతుంటే ప్రతి నాలుగు చుక్కలూ మూడింట్లో ఇరుక్కోవాలి, దానిమీద కీస్టోన్ ఇంకో నొక్కు. ఇంగ్లీషు అక్షరాలు దీన్ని కొంత ఓర్చుకుంటాయి. మన లిపి ఓర్చుకోదు. ద, ధ, థ వరసగా రాసి చూడండి. మొదటిదానికి రెండోదానికి తేడా కింద ఒక చిన్న గీత, రెండోదానికి మూడోదానికి తేడా కడుపులో ఒక చుక్క. ప, ఫ మధ్య తేడా కూడా అలాంటి గీతే. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు, అందులోనూ ఇదే ఏర్పాటు. ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో కన్నడం చదివే పావగడ పిల్లకు ఆ చుక్క ఏ భాషలో మాసిపోయినా నష్టమే. అందుకే కీస్టోన్ జోలికి పోకుండా ప్రొజెక్టరు మూతి ఎత్తే బదులు బల్లనే ఎత్తు చేయాలి. ఈ యంత్రాల్లో చాలావాటి లెన్సు, బొమ్మ కింది అంచుకు సమంగా ఉంటే చక్కగా వేసేలా తయారైంది. తలకిందులుగా కప్పుకు బిగిస్తే పై అంచుకు సమంగా ఉండాలి. షార్ప్‌నెస్ పెంచితే పోయిన చుక్క తిరిగిరాదు. అక్షరం చుట్టూ లేని తెల్ల అంచొకటి పుట్టుకొస్తుంది, అంతే.

ఇవన్నీ పాతకాలపు గొడవలు, ఇప్పుడు గోడంత టీవీలొచ్చాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద బడుల్లో పెట్టినవి ప్యానెళ్లూ స్మార్ట్ టీవీలే. పట్టపగలు తరగతిలో ప్యానెల్ గెలుస్తుంది, కాదనను. ఎందుకు గెలుస్తుందో చూస్తే పై మాటే రుజువవుతుంది. ఆపేసిన ప్యానెల్ నల్లగా ఉంటుంది, ఆపేసిన ప్రొజెక్టరు ముందు గోడ తెల్లగా ఉంటుంది. అయితే ఊరందరూ కూర్చునేంత బొమ్మ కావాలంటే, పెట్టెలో పెట్టుకుని పక్క ఊరికి మోసుకుపోవాలంటే ఇంకా ప్రొజెక్టరే దిక్కు. పొద్దుగూకాక అయితే ఈ లెక్కలూ అక్కర్లేదు.

దుమ్మును మాత్రం మరవకూడదు, ఆ ఎర్రనేలలో అదే రెండో ఎండ. గాలి వడపోత మూసుకుపోతే దీపం కాగి ముందే అలిసిపోతుంది. మామూలుగానే దీపం ఆయుష్షంటే వెలుగు సగానికి పడేదాకా అని లెక్క. లెన్సు మీది దుమ్మూ వేలిముద్రా చేసే చెడుపు ఇంకా సూక్ష్మం. తెల్లని చోటికి పోవాల్సిన వెలుగును చెదరగొట్టి నల్లని చోట చల్లుతాయి. మెత్తని గుడ్డతో లెన్సు తుడిచి, ద ధ థ రాసి, చివరి బెంచీలో ఒక పిల్లను కూర్చోబెట్టి చుక్క ఉన్నది ఏదో అడగండి. చెప్పగలిగితే రిమోట్ బీరువాలో పెట్టేయొచ్చు.