పాటకు ప్రాణం పవర్ సప్లయే!

ఆంప్లిఫయర్ సొంతంగా కట్టుకోవాలనుకునేవారు ముందు ఐసీ కొంటారు. మిగిలిన డబ్బుతో ట్రాన్స్‌ఫార్మర్ చూస్తారు. అదే తలకిందులు లెక్క!

మధురానగర్‌కి పాట కొత్తేం కాదు. ఓ పక్క 1950ల్లో వెలిసిన సారథి స్టూడియో. మరోపక్క జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఇలాంటి చోట సినిమా పాటను ఇంట్లో కూడా గట్టిగా, శుభ్రంగా వినాలనిపించడంలో వింతేముంది! ఆ ముచ్చటను సొంత చేతులతో తీర్చుకోవాలనుకునేవారికి దారి కూడా దగ్గరే. మధురానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి. అక్కడి గుజరాతీ గల్లీలో, బ్యాంక్ స్ట్రీట్‌లో ఐసీల నుంచి కెపాసిటర్ల దాకా అన్నీ దొరుకుతాయి.

షాపులోకి వెళ్లగానే చాలామంది అడిగేది ఒకటే... 'ఎన్ని వాట్లు వస్తుంది?' అని. అడగాల్సింది అది కాదు. ఆంప్లిఫయర్ తనంతట తాను శక్తిని పుట్టించదు. పవర్ సప్లయ్ ఇచ్చిన కరెంటునే పాటకు తగ్గట్టు స్పీకర్‌కి వదులుతుంది. ఐసీ కుళాయి అయితే పవర్ సప్లయ్ ట్యాంకు. ట్యాంకులో నీళ్లు లేనప్పుడు కుళాయి ఎంత ఖరీదైనదైతే ఏం లాభం?

15 అంటే 15 కాదు

కొత్తవాళ్ల ఐసీలు ఎక్కువగా కాలిపోయేది ఇక్కడే. టీడీఏ 2030 ఐసీ తట్టుకునేది ప్లస్ మైనస్ 18 వోల్టుల వరకే. అది చూసి '15 తక్కువే కదా' అని 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ తెస్తారు. కానీ దాని మీద రాసింది ఏసీ వోల్టేజి. డయోడ్లు దాటి కెపాసిటర్‌లో నిండేసరికి అది 1.414 రెట్లవుతుంది. అంటే 21 వోల్టులు. డయోడ్ దగ్గర ఓ వోల్టు పోయినా మిగిలేది 20. స్విచ్ వేయగానే ఐసీ పొగ!

12-0-12 పెట్టినా లెక్క ప్రకారం 16 వోల్టులు వస్తుంది. లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి రాసినదానికన్నా పెరుగుతుంది. రాత్రిళ్లు లైన్లో 230కి బదులు 250 వస్తే ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి 2030 బదులు ప్లస్ మైనస్ 22 దాకా తట్టుకునే 2030ఏ తీసుకోవడం మంచిది.

ఇంకాస్త పెద్ద సెట్ కావాలంటే టీడీఏ 7294 ఉంది. దాని పని హద్దు ప్లస్ మైనస్ 40 వోల్టులు. 8 ఓంల స్పీకర్లకైతే 24-0-24 సరిపోతుంది. డీసీ 33 వోల్టుల దాకా వస్తుంది. 4 ఓంల స్పీకర్లకు అదే పెడితే ఐసీ వేడెక్కిపోతుంది. వాటికి 18-0-18 చాలు.

ట్రాన్స్‌ఫార్మర్‌లో పిసినారితనం వద్దు

రెండు ఛానళ్లకు 50 వాట్ల చొప్పున కావాలనుకుందాం. మొత్తం 100. ఈ రకం ఆంప్లిఫయర్లలో లాక్కున్న కరెంటులో దాదాపు మూడోవంతుకు పైగా వేడిగానే పోతుంది. కాబట్టి 150 నుంచి 200 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. షాపు భాషలో చెప్పాలంటే 24-0-24, 4 ఆంప్స్. ఇక్కడా ఓ మెలిక ఉంది. 4 ఆంప్స్ అన్నది ఏసీ లెక్క. డీసీగా ఆగకుండా ఇవ్వగలిగేది రెండున్నర ఆంప్స్ లోపే.

బరువు చూడటం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొస్తుంది. ఒకే రేటింగ్ రాసిన రెండింటిలో ఒకటి మరీ తేలిగ్గా ఉంటే అనుమానించాల్సిందే. రాగి బదులు అల్యూమినియం తీగ చుట్టినవీ మార్కెట్లో ఉంటాయి. కొనేముందు 'కాపర్ వైండింగేనా?' అని అడగడం మర్చిపోవద్దు. గుండ్రంగా ఉండే టొరాయిడల్ రకానికి ధర ఎక్కువే. కానీ దాని అయస్కాంత ప్రభావం బయటికి తక్కువగా పాకుతుంది. అందుకే గుయ్‌మనే హమ్ కూడా తక్కువ.

సెకనుకు వందసార్లు

మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రిడ్జి రెక్టిఫయర్ దాటాక కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతుంది. ఈ మధ్యలో ఆంప్లిఫయర్ తాగేది దాన్లోంచే. 2 ఆంప్స్ లాగుతున్నప్పుడు 10,000 మైక్రోఫ్యారడ్ల కెపాసిటర్ పెడితే వోల్టేజి 2 వోల్టుల మేర ఊగుతుంది. 4,700 పెడితే 4 వోల్టులు దాటుతుంది. డోలు దెబ్బ పడ్డప్పుడు శబ్దం పగిలినట్టు వినపడటానికి ఇదో కారణం. ఒక్కో వైపు 10,000 పెట్టుకుంటే ఇంటికి పుష్కలం.

33 వోల్టుల సప్లయ్‌కి 35 వోల్టుల కెపాసిటర్ పెట్టడమంటే అంచున నడవడమే. 50 తప్పనిసరి. 63 అయితే నిశ్చింత. 85 డిగ్రీల రకం కంటే 105 డిగ్రీల రకం మేలు. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపవుతుందని ఓ అంచనా. మే నెల ఎండల్లో హైదరాబాద్‌లో పనిచేయాల్సిన పెట్టె కదా మరి! హీట్‌సింక్‌కి దూరంగా బిగించాలి.

బ్రిడ్జి విషయంలో 4 ఆంప్స్‌కి 4 ఆంప్స్ అనుకోకూడదు. స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. 25 లేదా 35 ఆంప్స్ రకాన్ని తెచ్చి లోహపు అడుగుకి బిగిస్తే దిగుల్లేదు.

హమ్ ఎక్కడిది?

అన్నీ సరిగ్గా కొన్నా గుయ్‌మంటోందా? అయితే తప్పు వైరింగ్‌లో ఉండొచ్చు. రెండు కెపాసిటర్లు కలిసేచోట ఒకే గ్రౌండ్ పాయింట్ పెట్టి, స్పీకర్, ఐసీ, ఇన్‌పుట్ గ్రౌండ్లను విడివిడిగా అక్కడికే తేవాలి. ఒకదాన్నుంచి మరోదానికి గొలుసులా లాగితే కెపాసిటర్లను నింపే కరెంటు పాటలో కలుస్తుంది.

ప్రాణం కంటే పాట ఎక్కువ కాదు

* ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో ఫేజ్ తీగకి ఫ్యూజ్ ఉండాలి. పైన చెప్పిన సైజుకి 1.6 నుంచి 2 ఆంప్స్ స్లో-బ్లో రకం చాలు.

* మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. లోహపు పెట్టెని ఎర్త్‌కి కలపాలి.

* మొదటిసారి నేరుగా కరెంటు ఇవ్వొద్దు. పాత రకం 100 వాట్ల బల్బుని సీరీస్‌లో పెట్టండి. ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. అలాగే ధగధగా వెలుగుతుంటే ఎక్కడో షార్టుంది.

* స్విచ్ తీసేసినా కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది. ఒక్కోదానికి అడ్డంగా 2.2 కిలో ఓంలు, 2 వాట్ల రెసిస్టర్ కలిపితే రెండు నిమిషాల్లో ఖాళీ అవుతాయి. మల్టీమీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

* చవగ్గా వస్తోందని పాత ఎస్‌ఎంపీఎస్ విప్పి ప్రయోగాలు చేయొద్దు. లోపల 325 వోల్టుల డీసీ ఉంటుంది. కొత్తవాళ్లు తాకాల్సింది కాదు.

అంతా బిగించాక పాట పెట్టకుండా ఆంప్లిఫయర్ ఆన్ చేసి స్పీకర్‌కి చెవి ఆనించి చూడండి. ఏమీ వినపడటంలేదా? అయితే పవర్ సప్లయ్ కుదిరినట్టే. ఇక మీకిష్టమైన పాట పెట్టుకోవచ్చు!