తప్పు కాచే కర్ర.. ఎవరికి ఏది?

'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెత గోల్ఫ్ మైదానంలో సగమే నిజం. బంతి సరిగా పోనప్పుడు కర్రను తిట్టుకునేవారు ఎప్పుడూ ఉంటారు. అయితే చేతికి తగని కర్ర పట్టుకుని, లోపమంతా తనదేననుకుని ఆటకే దండం పెట్టేవారూ లేకపోలేదు. విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ క్లబ్‌లోనైనా, గోల్కొండ కోట పక్కనున్న నయా ఖిల్లా మైదానంలోనైనా కొత్తగా ఆటకు దిగేవారిని ముందుగా తికమక పెట్టేది కర్రల ఎంపికే.

గోల్ఫ్ నిబంధనల ప్రకారం సంచిలో 14 కర్రలకు మించి ఉండరాదు. వాటిలో ఇంచుమించు సగం లోహపు తల ఉన్న 'ఐరన్లు'. తల అడుగున అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ కర్ర పొట్టిదవుతుంది, ముఖం వాలు ఎక్కువవుతుంది. బంతి పైకి లేచి దగ్గరలో పడుతుంది. అంకె తగ్గితే బంతి దూరం పోతుంది. కానీ కొట్టడం కష్టమవుతుంది.

పలచని కర్రపై మోజు

ఐరన్లలో ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది 'బ్లేడు'. పలచని తల, నున్నని వెనుక భాగం, చూడముచ్చటైన ఆకారం. టైగర్ వుడ్స్ వంటి మేటి ఆటగాళ్లు వాడే రకం ఇదే. బంతి ముఖం నడుమ తగిలితే దెబ్బ చేతికి తెలియనే తెలియదు. అర అంగుళం పక్కకు తగిలిందా, తల మెలి తిరుగుతుంది. బంతి దారి తప్పుతుంది, దూరం తగ్గుతుంది, చేతులు జివ్వుమంటాయి. టీవీలో చూసిన మోజుతో వీటిని కొన్న కొత్త ఆటగాడికి మిగిలేది ఖాళీ జేబు, నొప్పి చేతులే.

రెండోది వెనుక గుంట ఉన్న 'కేవిటీ బ్యాక్'. తల నడుమ నుంచి లోహం తగ్గించి, ఆ బరువును చుట్టూ అంచులకు పంచుతారు. కావడి మోసేవారిని చూసినవారికి ఈ కిటుకు ఇట్టే అర్థమవుతుంది. రెండు కొనలకూ నిండు బిందెలు వేలాడుతుంటే కావడి చటుక్కున తిరగదు. అంత బరువూ నడుమన మూటగా కడితే సులువుగా తిరుగుతుంది. కర్ర తలకూ ఇదే సూత్రం. బరువు అంచుల్లో ఉంటే బంతి పక్కకు తగిలినా తల అంతగా మెలి తిరగదు. ఆటగాడి తప్పును కర్ర కొంత కాస్తుందన్నమాట.

బూట్లు బాగుచేసిన చేతులు

ఈ పద్ధతికి ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యుడు కార్‌స్టెన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగారు. డబ్బు లేక కళాశాల చదువు మానేసి బూట్లు బాగుచేశారు. తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరయ్యారు. నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టి, బంతిని గుంతలోకి నెట్టడం కుదరక, బరువును రెండు చివరలకు పంచిన కర్రను 1959లో సొంతంగా చేసుకున్నారు. అది చేసిన చప్పుడునుబట్టి 'పింగ్' అని పేరు పెట్టారు. 1967లో ఉద్యోగం వదిలి కర్రల తయారీకే అంకితమయ్యారు. 1982లో వచ్చిన 'పింగ్ ఐ2' ఐరన్లు ఎంతో పేరు పొందాయి. సోల్‌హైమ్ 2000లో మరణించారు.

కొనేముందు చూడాల్సినవి

తల అడుగు వెడల్పుగా ఉంటే కొత్తవారికి మేలు. బంతికి ముందే కర్ర నేలను తాకినా, వెడల్పు అడుగు జారిపోతుంది. సన్నని అడుగు, ముఖ్యంగా వానాకాలం మెత్తని నేలలో, పారలా దిగబడుతుంది. తలలో బరువు కిందికి ఉంటే బంతి సులువుగా లేస్తుంది. ముఖం కాడకు కాస్త వెనుకగా ఉండే అమరికను 'ఆఫ్‌సెట్' అంటారు. కుడిచేతి వాటం వారి బంతి కుడివైపుకు వంకర పోవడాన్ని ఇది కొంత అరికడుతుంది.

కాడ సంగతీ మరవరాదు. ఉక్కు కాడ బరువు. గ్రాఫైటు కాడ తేలిక. నెమ్మదిగా ఊపేవారికి, కీళ్ల నొప్పులున్న పెద్దవారికి గ్రాఫైటు నయం. 3, 4 అంకెల ఐరన్లు కొత్తవారికి లొంగవు. వాటి బదులు గుండ్రటి తల ఉన్న 'హైబ్రిడ్' పెట్టుకోవడం మంచిది.

దూరం చూసి మోసపోవద్దు. పాత పద్ధతి 7వ నంబరు ఐరన్ ముఖం వాలు 34, 35 డిగ్రీలు. నేటి తప్పు కాచే రకాల్లో అది 30 డిగ్రీలు, అంతకన్నా తక్కువ కూడా ఉంటోంది. అంటే 7 అని రాసి ఉన్నా, వాలునుబట్టి అది పాత 6 లేక 5. బంతి దూరం పోయిందని మురిసిపోతే చాలదు. పైకి లేచి, పడినచోట ఆగుతున్నదో లేదో చూడాలి.

పౌడరు చెప్పే నిజం

తన స్థాయి తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. కర్ర ముఖంపై పలచగా పౌడరు చల్లి ఒక్కొక్క బంతీ కొట్టాలి. బంతి తగిలినచోట మచ్చ పడుతుంది. ఇలా పది దెబ్బల మచ్చలు చూడాలి. అవి ముఖమంతా చెదిరి ఉంటే పెద్ద తల, వెడల్పు అడుగు ఉన్న రకమే తగినది. చాలావరకు నడుమ చుట్టూ ఉంటే మామూలు కేవిటీ బ్యాక్ చాలు. దాదాపు అన్నీ ఒకేచోట పడితే అప్పుడు బ్లేడు ఆలోచన చేయవచ్చు. హ్యాండికాప్ 20 పైన ఉన్నవారు మొదటి కోవలో, 10 లోపు వారు చివరి రెంటిలో ఉండడం పరిపాటి. ఇది నిబంధన కాదు, ఉజ్జాయింపు మాత్రమే.

తప్పు కాచే కర్ర తప్పును దిద్దదు. పక్కకు తగిలిన సంగతి చేతికి సరిగా తెలియనివ్వదు కూడా. బంతిని కావాలని వంపు తిప్పే నేర్పరులు బ్లేడును కోరుకునేది ఇందుకే. కాబట్టి ఆట మెరుగయ్యాక కర్ర మార్చడంలో తప్పులేదు. మెరుగుకాకముందే మార్చడంలోనే నష్టం.

కొత్తవే కొనాలనీ లేదు. ముఖంపై గాళ్లు అరగని, కాడ వంగని పాత కేవిటీ బ్యాక్ జత ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పిడి అరిగితే మార్చుకోవచ్చు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో కేడీగా ఇతరుల సంచులు మోసి పైకి వచ్చినవారే. ఖరీదునుబట్టి ఆట రాదు. కొనబోయేవారు దుకాణంలో తళతళలు చూసేకంటే ముందు మైదానంలో ఒకరి కర్ర అడిగి పది బంతులు కొట్టి చూడడం మేలు.