సిమెంటు పైపులో చిన్న ఇల్లు

పిల్లలూ! మేడ్చల్, శామీర్‌పేటల వైపు కొత్త కాలనీలు లేచే చోట పెద్ద పెద్ద సిమెంటు పైపులు దించి ఉంచటం మీరు చూచే ఉంటారు. మురుగునీరు పారటానికి చేసిన ఆ పైపులో మనిషి కాపురం ఉండగలడా?

ఉండవచ్చునని చేసి చూపింది పేరాల మానసారెడ్డి అనే యువతి. ఆమెది కరీంనగర్ దగ్గరి బొమ్మకల్. 2021లో ఆమె సుమారు 16 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు గల పైపులో మంచం, వంటగట్టు, స్నానపుగది అమర్చింది. అంతకు ముందే హాంకాంగులో జేమ్స్ లా అనే ఆర్కిటెక్టు ఇటువంటి ఇంటినే తయారుచేశాడు. అక్కడ ఇళ్ళ అద్దెలు చాలా ఎక్కువ.

పైపు గుండ్రంగా ఉంటుంది గనుక పైనపడిన బరువు ఒక్కచోట నిలవక, చుట్టూ సర్దుకొని నేలకు దిగుతుంది. అందుకే అది గట్టిది. కాని గుండ్రంతో ఒక చిక్కున్నది. అదేమిటో మీరే కనుక్కోండి.

మూడున్నర అడుగుల దారానికి సుద్దముక్క కట్టి, వాకిట్లో ఒక వలయం గీయండి. అదే పైపు నోరు. అడుగునుంచి ఒక అడుగు ఎత్తున అడ్డగీత గీయండి. అది ఇంటి నేల. ఆ గీతను కొలిస్తే 5 అడుగులకు కాస్త తక్కువ! ఇంత నేలమీద పెద్దవాళ్ళు అడ్డంగా పడుకోలేరు. ఇప్పుడు నేలకు ఒకటిన్నర అడుగు పైన మరొక గీత గీచి కొలవండి. దాదాపు 6 అడుగుల 8 అంగుళాలు! అక్కడ బల్ల వేస్తే కాళ్ళు చాపుకొని నిద్రపోవచ్చు. బల్ల కింద పెట్టెలు దాచుకోవచ్చు. చూచారా, స్థలం పెరగలేదు, ఆలోచన పెరిగింది.

సిమెంటు ఎండకు బాగా కాగుతుంది. పైకి తెల్లరంగు వేస్తే వేడి తగ్గుతుంది. గాలి ఆడటానికి ఎదురెదురుగా రెండు కిటికీలుండాలి. అమ్మానాన్నలు కూడా ఈ మాట వినాలి: చిన్న గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టకూడదు. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ, వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పైపు ఇల్లు ఒకరికో ఇద్దరికో చాలును. అయిదుగురికి చాలదు. వారికి పెద్ద ఇల్లే కావాలి. అయినా మేడ్చల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో పనిచేసే ఎన్నో కుటుంబాలు ఒక్క గదిలోనే ఉంటున్నవి. మీలో కొందరి ఇల్లూ అంతే కావచ్చు. అటువంటి ఇంట్లో ఒకే చోటు మూడు పనులు చేయాలి. పొద్దున పక్కబట్టలు చుట్టేస్తే అదే భోజనాల గది. సాయంత్రం ఒక గంట టీవీ కట్టేసి, పెద్దవాళ్ళు అరుగుమీద కూర్చుంటే, పరీక్షకు చదివే అక్కయ్యకు అదే చదువుగది. ఆ గంట ఆమెకు ఇవ్వటానికి డబ్బు ఖర్చు కాదు.

వాకిట్లో గీసిన వలయాన్ని అప్పుడే చెరపకండి. మీ వస్తువులలో ఏవి ఆ గీత లోపలికి తెస్తారో, ఏవి లేకపోయినా గడుస్తుందో తమ్ముడితో, చెల్లెలితో కలిసి లెక్క వేయండి.