దీపం ఉండగానే...

తాళపత్రానికి చెదలు శత్రువు. కాగితానికి తడి శత్రువు. మరి కంప్యూటరులో దాచుకున్న రాతకు శత్రువెవరు? వైరసు అంటారు చాలామంది. నిజమే గాని, చప్పుడు చేయకుండా వచ్చే శత్రువు మరొకటి ఉంది. అది ముసలితనం.

1990 ప్రాంతాల్లో కొన్న కంప్యూటరు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో దుప్పటి కప్పుకొని ఓ మూల కూర్చుని ఉంటుంది. దాని పొట్టలో తాతగారు వ్రాసుకున్న జీవితచరిత్ర ఉండవచ్చు. అమ్మ కూర్చిన పెళ్ళిపాటలు ఉండవచ్చు. నాన్నగారు అచ్చుకివ్వని కథలు ఉండవచ్చు. మీట నొక్కితే ఇంకా వెలుగుతుంది. కాని ఫ్లాపీ డ్రైవు చెడింది. పెన్‌డ్రైవు పెట్టే చోటు లేదు. ఇంటర్నెట్టు సంగతి అది ఎరగనే ఎరగదు. లోపల సొత్తు ఉన్నది, బయటికి తెచ్చే దారి కనబడదు!

దారి లేదనుకోకండి. పెట్టెను వెనక్కి తిప్పి చూడండి. సాధారణంగా 9 పిన్నులతో ఒక చిన్న ద్వారం ఉంటుంది. దాని పేరు సీరియల్ పోర్టు. అమెరికాలో 1960లో ఏర్పరచిన ఆర్‌ఎస్-232 అనే కట్టుబాటు ప్రకారం అది నడుచుకుంటుంది. కొత్త కంప్యూటరుకు ఆ ద్వారం లేకపోతే, యు.ఎస్.బి.కి తగిలించే అడాప్టరు బజారులో దొరుకుతుంది. ఇక రెంటినీ ఒక కేబులుతో కలపడమే.

ఇక్కడో తమాషా ఉంది. ఆ 9 పిన్నుల్లో 3వది నోరు, 2వది చెవి, 5వది ఇద్దరూ నిలబడే నేల. మామూలు కేబులు తగిలిస్తే నోటికి నోరు, చెవికి చెవి కలుస్తాయి. ఇద్దరూ మాట్లాడేవారే, వినేవారు లేరు! కొన్ని ఇళ్ళలో మనం చూసే సంగతే గదా. అందుచేత తీగెలను అడ్డంగా మార్చాలి: 2 నుంచి 3కు, 3 నుంచి 2కు, 5 నుంచి 5కు. నిజానికి ఈ పోర్టును ఏర్పరచింది మోడెం అనే మధ్యవర్తితో మాట్లాడటానికి. ఆ మధ్యవర్తిని తీసేసిన కేబులు గనుక దీనికి నల్ మోడెం కేబులు అని పేరు వచ్చింది.

కేబులు ఉంటే చాలదు, ఇరువైపులా ఒకే మాట తెలిసిన ప్రోగ్రాములు ఉండాలి. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1981లో పుట్టిన కెర్మిట్ అలాంటిది. ఈనాటికీ ఉచితంగా దొరుకుతుంది. 1993లో వచ్చిన డాస్ 6లో ఇంటర్‌లింక్ అనే ప్రోగ్రాము ఉండేది. 1995లో విండోస్ 95 ఈ పనికి డైరెక్ట్ కేబుల్ కనెక్షన్ అని పేరు పెట్టి, ఒక కంప్యూటరును అతిథేయిగా, రెండవదాన్ని అతిథిగా కూర్చోబెట్టింది. 2007లో జనానికి అందిన విండోస్ విస్టాలో ఆ సౌకర్యాన్ని తీసేశారు.

మరి పాతదానిలో ప్రోగ్రామే లేకపోతే? దాన్ని చేర్చడానికే గదా దారి లేనిది! ఇంటర్‌లింక్ కర్తలు ఈ చిక్కును ముందే ఊహించారు. ఒక డాస్ కంప్యూటరు నుంచి మరొకదానికి ఆ ప్రోగ్రాము తానే కేబులు గుండా నడిచి వెళ్ళేటట్లు ఏర్పాటు చేశారు. అయితే దీనికి మూడు తీగెలు చాలవు, ఏడు తీగెల కేబులు కావాలి.

వేగం సంగతి అడుగుతారా? తొందర పనికిరాదు. సెకనుకు 1,15,200 బిట్లు పోతాయనుకుందాం. ఒక్కొక్క అక్షరానికి ముందొకటి, వెనుకొకటి కలిపి 10 బిట్లు ఖర్చు. అంటే సెకనుకు 11,520 అక్షరాలు. ఒక ఫ్లాపీ నిండా ఉన్న సరుకు రెండు నిమిషాల పైచిలుకు. యంత్రం మరీ పాతదై 9,600 దగ్గరే ఆగితే అదే సరుకుకు 25 నిమిషాలు దాటుతుంది. కాఫీ త్రాగి రావచ్చు.

దారిలో అక్షరం జారిపోతేనో? ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలని మేము తరగతిలో చెబుతాము. లేఖకుడు ఒకటి వదిలేస్తే గణం చెడి, చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది. కెర్మిట్ చేసేదీ అటువంటిదే. సమాచారాన్ని చిన్న చిన్న మూటలుగా కట్టి, ప్రతి మూటకూ ఒక లెక్క జత చేస్తుంది. అవతల లెక్క సరిపోకపోతే ఆ మూటను మళ్ళీ పంపిస్తుంది.

తెలుగువారికి ఇంకొక జాగ్రత్త కావాలి. యూనికోడు మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. కాని మన పాత ఫైళ్ళు చాలావరకు ఆయా ఫాంట్ల సొంత సంకేతాల్లో ఉన్నవి. ఫైలు ఒక్కటే తెచ్చుకొని ఫాంటును వదిలేస్తే, తాతగారి జీవితచరిత్ర అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. కాబట్టి ఫాంట్లను కూడా అదే కేబులు మీద తెచ్చుకోండి. ఆ తరువాత నిదానంగా యూనికోడులోకి మార్చుకోవచ్చు.

బ్రౌను దొర ఆనాడు కడపలో పండితులను పెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆకులు చేతికందినప్పుడే ఆ పని జరిగింది గనుక ఎన్నో కావ్యాలు మనకు దక్కాయి. మన ఇంటి రాతలు కావ్యాలు కాకపోవచ్చు. కాని వాటికి మరో ప్రతి లేదు. పాత పెట్టెను ఇనుప సామానువాడికి ఇవ్వబోయేముందు, తెచ్చుకున్న ప్రతి ఫైలునూ కొత్తదానిలో తెరిచి, చదివి చూసుకోండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు. ఆ పాత తెర వెలుగుతున్నంతసేపే మన అవకాశం సుమా!