తాళం వేసిన మీటరు: అపోహలు – వాస్తవాలు

సాలూరు దాటి పాచిపెంట మండలం మీదుగా పి.కోనవలస ఘాట్ ఎక్కే దారి పొడవునా మోటారు షెడ్లు, మిల్లులు, మంచినీటి పథకాల పంపు హౌసులు తగులుతాయి. ఇలాంటి చోట్ల ప్యానెల్ బోర్డు తలుపు మీద ఎర్రటి అంకెలు వెలిగే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. వోల్టులు, ఆంపియర్లు, ట్యాంకులో నీటి ఎత్తు, డ్రయ్యర్ వేడి, దేన్ని చూపించమంటే దాన్ని చూపిస్తుంది. అంకెల కింద మూడో నాలుగో బటన్లు ఉంటాయి. అంకెలు అందరూ చదువుతారు. బటన్ల సంగతి బిగించిన ఎలక్ట్రీషియన్‌కే తెలుసు. అతను లాక్ వేసి వెళ్ళిపోతాడు. ఇక ఆ డబ్బా చెప్పిందే వేదం.

ముల్లు మీటర్ల కాలంలో ఈ గొడవ లేదు. ఈ కొండలకు ఆవల, ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైనప్పటికి ప్యానెళ్ళ మీద ముల్లు మీటర్లదే రాజ్యం. ముల్లు మీటరు స్కేలు ఫ్యాక్టరీలోనే డయలు మీద అచ్చయి వస్తుంది. ఏ నిష్పత్తి సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్)కి వాడాలో కూడా డయలు మీదే రాసి ఉంటుంది. వాడేవాళ్ళ చేతిలో ఉండేది సున్నా సరిచేసే స్క్రూ ఒక్కటే. ప్రోగ్రామబుల్ డిజిటల్ మీటరుకు అచ్చువేసిన స్కేలు లేదు. ఏ సెన్సర్ కలిపారు, ఎంత నిష్పత్తి, చుక్క ఎక్కడ పెట్టాలి, అలారం ఎప్పుడు మోగాలి అనేవన్నీ బటన్లు నొక్కి మెమరీలోకి ఎక్కించాలి. చెయ్యి తగిలితే మారిపోతాయి కాబట్టి లాక్ పెట్టారు. ఆ లాక్ మీద జనానికి ఉన్న నమ్మకం మాత్రం అది చేసే పని కన్నా చాలా పెద్దది.

అపోహ: లాక్ వేశాం కదా, రీడింగ్ కరెక్టే.

వాస్తవం: లాక్ కాపలా కాసేది సెట్టింగుకు. ఆ సెట్టింగు తప్పయితే తప్పునే భద్రంగా కాపాడుతుంది.

రైసు మిల్లులో తరచూ ఎదురయ్యే సంగతే చూడండి. పెద్ద మోటారు కరెంటును మీటరు నేరుగా తీసుకోలేదు. మధ్యలో సీటీ ఉంటుంది. 200/5 సీటీ అంటే మెయిన్ తీగలో 200 ఆంపియర్లు పారినప్పుడు మీటరు దాకా వచ్చేది 5. సీటీ వెనక ఉన్నది 200 అని మీటరుకు మనమే చెప్పాలి. పాత 100/5 సీటీ కాలిపోయి, షాపులో దొరికిన 200/5 బిగించి, మీటర్లో 100ను అలాగే వదిలేశారనుకోండి. మోటారు 120 ఆంపియర్లు లాగుతుంటే మీటరు 60 అంటుంది. 110 దాటితే అలారం మోగాలని పెట్టి ఉంటే, అది మోగేసరికి అసలు కరెంటు 220 దాటుతుంది. ఈలోగా వైండింగ్ మాడిపోతుంది. "లాక్ ఏసే ఉంది, ఎవలూ ముట్టలేదు" అని ఆపరేటర్ చెప్పేది నిజమే. ఎవరూ ముట్టకపోవడమే ఇక్కడ వచ్చిన చిక్కు.

టాంగ్ టెస్టర్‌తో తీగను పట్టి చూస్తే నిమిషంలో బయటపడే తేడా ఇది. రెండు అంకెలూ కలిశాకే లాక్ వెయ్యాలి.

అపోహ: సెన్సర్ తగిలిస్తే చాలు, ఏదన్నది మీటరే కనిపెట్టుకుంటుంది.

వాస్తవం: కనిపెట్టుకోదు. వచ్చే సిగ్నల్‌ను ఎలా చదవాలో మనం చెప్పినట్టే చదువుతుంది.

ఐదు మీటర్ల లోతున్న ట్యాంకులో లెవెల్ సెన్సర్ వేశారనుకుందాం. ఇలాంటివి ఎక్కువగా 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్ పంపుతాయి. ట్యాంకు ఖాళీ అయితే 4, నిండితే 20. సగం నిండితే 12 వస్తుంది, మీటరు 2.50 చూపాలి. మెనూలో పక్కనే 0 నుంచి 20 అనే ఇంకో రకం ఉంటుంది. పొరపాటున అది ఎంచుకుంటే అదే 12కు మీటరు 3.00 చూపిస్తుంది. ఇంకా పెద్ద ముప్పు అడుగున ఉంది: చుక్క నీరు లేని ట్యాంకులో ఒక మీటరు నీళ్ళున్నాయని చెబుతుంది. ఆ అంకెను నమ్మి నడిచే పంపు వట్టిగా తిరిగి సీళ్ళు పోగొట్టుకుంటుంది.

సున్నా మట్టానికి 4 పెట్టడం వెనక ఒక తెలివి ఉంది. తీగ తెగిపోతే సిగ్నల్ సున్నాకు పడిపోతుంది. 4 కన్నా తక్కువ వచ్చిందంటే అది ఖాళీ ట్యాంకు కాదు, తెగిన తీగ అని మీటరు గుర్తించి తెర మీద తప్పు చూపించగలదు. తప్పు రకం ఎంచుకున్న రోజున ఆ సదుపాయం కూడా పోయినట్టే.

వేడి విషయంలోనూ అంతే. పలాస జీడిపప్పు యూనిట్లలో పిక్క కొట్టి తీసిన పప్పును, పొట్టు సులువుగా ఊడేందుకు బోర్మా అనే డ్రయ్యర్‌లో సుమారు 70 డిగ్రీల వేడికి ఆరబెడతారు. బోర్మాకు డిజిటల్ కంట్రోలర్ పెట్టినచోట, లోపల ఉన్నది జె రకం థర్మోకపుల్ సెన్సర్ అయి, మీటర్లో కె రకం అని ఉంటే, గది వేడి 30 డిగ్రీలున్న రోజున 70ని దాదాపు 81గా చూపిస్తుంది. తెర మీద 70 రాగానే హీటర్ ఆగిపోతుంది. లోపల మాత్రం ఇంకా 62 దగ్గరే ఉంటుంది. పప్పు ఆరదు, పొట్టు ఊడదు. పనివాళ్ళు కట్టెలనీ కాయిల్‌నీ తిట్టుకుంటారు.

అపోహ: అంకె మామూలుగా ఉందంటే లోపల అంతా మామూలుగానే ఉన్నట్టు.

వాస్తవం: సెన్సర్ ఎక్కడుందో అక్కడి మాటే మీటరు చెప్పగలదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళ మీదికి వచ్చి 12 మంది ప్రాణాలు తీసింది. నీరబ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలో రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ అదే ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. స్టైరీన్ ట్యాంకులో వేడిని అడుగు భాగంలోనే కొలిచేవారనీ, మధ్యలో, పైన కొలిచే ఏర్పాటే లేదనీ తేల్చింది. పై పొరల్లో రసాయనం తనంతట తాను ముద్దకట్టుకుంటూ వేడెక్కుతుంటే కింద ఉన్న సెన్సర్‌కు ఆ కబురు అందదు. అలాంటి చోట ఎంత మంచి మీటరు పెట్టినా, ఎంత గట్టి కోడ్ వేసినా లాభం లేదు. సెన్సర్ ఎన్ని చోట్ల ఉండాలన్నది మెనూలో దొరికే సెట్టింగు కాదు.

అపోహ: మోటారు ఆగేందుకూ ఆడేందుకూ ఒకే అంకె పెడితే పక్కాగా పనిచేస్తుంది.

వాస్తవం: రెంటి మధ్య ఎడం ఉండాలి. 4.50 మీటర్లకు ఆగాలి, 4.50 కన్నా తగ్గితే ఆడాలి అని పెడితే, నీటి మీద అల లేచినప్పుడల్లా మోటారును ఆడించి ఆపే మీటర్లోని రిలే టకటకా కొట్టుకుంటుంది. కాంటాక్టర్ పాయింట్లు కాలిపోతాయి, మోటారు మాటిమాటికీ స్టార్టింగ్ కరెంటు లాగి వేడెక్కుతుంది. మీటర్లో దీనికి హిస్టెరిసిస్ అనే సెట్టింగు ఉంటుంది. అక్కడ 1.50 పెడితే 4.50కి ఆగిన మోటారు నీరు 3.00కి దిగాకే మళ్ళీ లేస్తుంది. కొన్ని సెకన్ల ఆలస్యం కూడా పెట్టుకోవచ్చు. కొండ ప్రాంతంలో కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయే వానాకాలంలో మోటారును కాపాడేది ఆ కొద్ది సెకన్లే.

అపోహ: లాక్ అంటే అన్నీ బంద్. ఇక ఆపరేటర్ ఏమీ మార్చలేడు.

వాస్తవం: చాలా మీటర్లలో లాక్‌కు మెట్లున్నాయి. ఒక్కో అంశాన్నీ మూడు రకాలుగా ఉంచవచ్చు: కనిపించకుండా దాచడం, కనిపించినా మారకుండా ఉంచడం, కోడ్ లేకుండానే మార్చనివ్వడం. నిష్పత్తి, సెన్సర్ రకం, చుక్క స్థానం ఎలక్ట్రీషియన్ కోడ్ వెనక ఉండాలి. అలారం అంకె ఆపరేటర్‌కు కనిపించాలి. బ్యాచ్ మారినప్పుడల్లా మార్చుకోవలసిన వేడిలాంటిదయితే అతని చేతికే వదలాలి. అన్నిటికీ కలిపి ఒకే లాక్ వేస్తే పని ఆగుతుంది. పని ఆగితే కోడ్ చేతులు మారి, చివరికి ప్యానెల్ తలుపు మీద పెన్సిల్‌తో రాసి కనిపిస్తుంది.

రీసెట్ బటన్ సంగతి విడిగా చూసుకోవాలి. మెనూకు లాక్ వేసినా కొన్ని మీటర్లలో రీసెట్ పనిచేస్తూనే ఉంటుంది. అలారం ఎందుకు మోగిందో చూడకుండా నొక్కేస్తే, రికార్డయిన గరిష్ఠ రీడింగు కూడా చెరిగిపోవచ్చు. అందుకే దానికి వేరే లాక్ ఇస్తారు. వెనక టెర్మినల్‌కు తాళంచెవి స్విచ్ కలిపే వీలు కూడా కొన్నిటికి ఉంటుంది. అప్పుడు కోడ్ బట్టీ పట్టే పని లేదు, తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంటే చాలు. మీటరును కంప్యూటర్‌కు కలిపే ఆర్‌ఎస్-485 తీగ ఉంటే మరో దారి తెరిచి ఉన్నట్టే. ముందువైపు బటన్లు లాక్ అయినా ఆ తీగ గుండా సెట్టింగులు మార్చగలిగే మోడళ్ళున్నాయి. కొనేటప్పుడే మాన్యువల్‌లో చూసుకోవాలి.

అపోహ: కరెంటు పోతే సెట్టింగులన్నీ ఎగిరిపోతాయి.

వాస్తవం: పోవు. అవి ఈఈప్రామ్ అనే మెమరీలో ఉంటాయి, దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. వారం రోజులు కరెంటు లేకపోయినా, వచ్చాక అదే నిష్పత్తితో మీటరు లేస్తుంది. పిడుగుపాటుకు మీటరే పోతే మాత్రం సెట్టింగులూ దానితో పోతాయి.

అపోహ: కోడ్ మరచిపోతే మీటరు పారెయ్యాల్సిందే. అందుకే కంపెనీ ఇచ్చిన 0000నే ఉంచుకోవడం మేలు.

వాస్తవం: రెండు ముక్కలూ తప్పే. కొన్ని కంపెనీలు అన్ని కోడ్‌లనూ దాటే మాస్టర్ కోడ్‌ను మాన్యువల్‌లోనే అచ్చువేస్తాయి. కొన్ని ఫ్యాక్టరీ రీసెట్‌కు దారి చూపుతాయి. రీసెట్ చేస్తే కోడ్‌తో పాటు నిష్పత్తి, స్కేలు, అలారాలన్నీ పోతాయి. కాబట్టి బిగించిన రోజునే విలువలన్నీ కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించాలి. కోడ్ మాత్రం ఆ కాగితం మీద రాయకూడదు.

ఇక 0000 సంగతి. 2023 నవంబరులో అమెరికా పెన్సిల్వేనియాలో అలిక్విప్ప అనే ఊరి నీటి సంస్థ పంపు స్టేషన్‌లో కంట్రోలర్‌ను హ్యాకర్లు పట్టుకున్నారు. అది యూనిట్రానిక్స్ కంపెనీది. సిబ్బంది పంపులను చేత్తో నడుపుకోవాల్సి వచ్చింది. ఆ కంట్రోలర్లకు కంపెనీ పెట్టి పంపే పాస్‌వర్డ్ 1111ను వెంటనే మార్చుకోవాలనీ, ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించవద్దనీ అక్కడి సైబర్ భద్రతా సంస్థ దేశమంతటినీ హెచ్చరించింది. ఇంటర్నెట్ లేని మోటారు షెడ్డుకు హ్యాకర్ రాడు. కానీ ఖాళీగా ఉన్నప్పుడు బటన్లు నొక్కి చూసే చెయ్యి ఏ షెడ్డులోనైనా ఉంటుంది. అదీ ముందుగా నొక్కి చూసేది 0000నే.

అపోహ: చుక్క తర్వాత అంకె కూడా చూపిస్తోందంటే చాలా కచ్చితమైన మీటరు.

వాస్తవం: 415.3 వోల్టులని చూపే మీటరు కచ్చితత్వం అర శాతం అయితే అసలు వోల్టేజి రెండు వోల్టులు అటూఇటూ ఉండొచ్చు. చివరి 3కు విలువ లేదు. ప్యానెల్ మీద యూనిట్లు చూపే మీటరున్నా విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లు వేసేది తన సీలు వేసిన మీటరును బట్టే.

అపోహ: మీటరు లాక్‌లో ఉంది, భయం లేదు, చెయ్యి పెట్టొచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. కోడ్ లాక్ బటన్లను ఆపుతుంది, కరెంటును కాదు. లాక్ వేసి ఉన్నా రిలే తన పని తాను చేస్తూనే ఉంటుంది. ట్యాంకులో నీరు 3.00కి దిగిన క్షణాన, కప్లింగ్ దగ్గర ఎవరి చెయ్యి ఉన్నా మోటారు లేస్తుంది.

లైన్‌మన్ల పద్ధతి వేరు. లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకోనిదే స్తంభం ఎక్కకూడదు. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తెరిచి ఎల్‌సీ ఇచ్చాక, లైన్‌కు ఎర్త్ రాడ్లు తగిలించాకే పని మొదలవ్వాలి. పని ముగించినవాళ్ళు ఎల్‌సీ తిరిగి ఇస్తే తప్ప చార్జ్ చేయకూడదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1989లో ఫ్యాక్టరీలన్నిటికీ ఇలాంటి నిబంధనే పెట్టింది: మెషీన్‌ను బాగుచేసేవాళ్ళు మెయిన్ స్విచ్‌కు నిజం తాళం వేసి, చెవి తమ దగ్గరే ఉంచుకోవాలి. మిల్లులోనైనా పంపు హౌసులోనైనా చెయ్యవలసింది అదే. మెయిన్ ఆపి, తాళం వేసి, టెస్టర్‌తో చూసి, అప్పుడు ముట్టుకోవాలి.

మీటరు మార్చేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. మోటారు ఆడుతుండగా సీటీ తీగను మీటరు నుంచి విప్పితే, తెరుచుకున్న ఆ కొసల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజి పుడుతుంది, సీటీ కూడా కాలిపోవచ్చు. మెయిన్ ఆపలేని పరిస్థితిలో అనుభవమున్న ఎలక్ట్రీషియన్ ముందు సీటీ టెర్మినళ్ళ దగ్గర షార్టింగ్ లింకులు బిగించి, తర్వాతే తీగలు విప్పుతాడు. కొత్త మీటరు కలిపాక ఆ లింకులు తియ్యాలి. మరచిపోతే మోటారు నిండు లోడుతో ఆడుతున్నా మీటరు మీద ఆంపియర్లు సున్నా దగ్గరే కనిపిస్తాయి.